టీలో పోసే ఆ డబ్బా పాలలో ఏముంది?

ఈ వారం ఉత్తరం అమెరికాలోని టెక్సాస్ నుంచి వచ్చింది. రాసినావిడ పేరు వెయ్యవద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన భాగం ఇది.

"నమస్తే మేడం. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఆరు నెలలు ఉండటానికి మా దగ్గరికి వచ్చారు. ఇక్కడ గ్యాలన్ డబ్బాల్లో దొరికే మామూలు పాలతో టీ నీళ్లలా ఉందని మామయ్యగారు అంటుంటే, ఫ్రెండ్ చెప్పిందని కొవ్వు తగ్గించిన ఎవాపరేటెడ్ పాల డబ్బాలు తెచ్చాను. డబ్బా మీద 2 శాతం అని ఉంది. నీళ్లు కలపకుండానే టీలో పోస్తున్నాను, టీ బాగా చిక్కగా వస్తోంది. అందరికీ నచ్చింది కానీ ఇంట్లో రోజూ దీని మీదే వాదన. అత్తయ్యగారేమో 'డబ్బాలో పాలేమిటి, పిండి కలిపిన నీళ్లు, సత్తువ ఏముంటుంది' అంటారు. మా ఆయనేమో 'ఫ్యాట్ తక్కువ కదా, ఎంత తాగినా పర్లేదు' అంటారు. మామయ్యగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది, పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, శుద్ధ శాకాహారి. రోజుకి నాలుగు టీలు పడాలి. అత్తయ్యగారికి ఎముకలు పలచబడ్డాయని రిపోర్టు వచ్చింది. నాకు పదినెలల బాబు. ఫార్ములా అయిపోయిన రోజు వాడికి ఈ పాలు నీళ్లు కలిపి పట్టొచ్చా? ఇంకొకటి, మామయ్యగారికి ఈ మధ్య క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా ఉందన్నారు, దానికీ దీనికీ సంబంధం ఉంటుందో లేదో తెలియదు. నాకు టెన్షన్‌గా ఉంది. కొంచెం వివరంగా చెప్పండి."

అమ్మా, ముందు బాబు సంగతి, ఎందుకంటే అది ఆగేది కాదు. పట్టొద్దు. ఒక్క రోజుకైనా వద్దు, నీళ్లు ఎంత కలిపినా వద్దు. ఏడాది నిండని బిడ్డకి తల్లిపాలు, లేకపోతే ఫార్ములా, ఈ రెండే పాలు. ఆవు పాలు ఏ రూపంలో ఉన్నా వాటిలో ఇనుము చాలా తక్కువ, ఉన్నది కూడా బిడ్డ ఒంటికి సరిగ్గా పట్టదు. మాంసకృత్తులు, లవణాలు మాత్రం ఆ చిన్న మూత్రపిండాలు మోయగలిగిన దానికంటే ఎక్కువ. మీ డబ్బాలోవి నీళ్లు ఆవిరి చేసి చిక్కబరిచిన పాలు, వాటిలో ఆ బరువు రెండింతలు. దానికి తోడు మీరు తెచ్చినది కొవ్వు తీసినది. రెండేళ్లు నిండేదాకా పిల్లల మెదడు ఎదుగుదలకి కొవ్వు కావాలి. అందుకే ఏడాది దాటాక ఆవు పాలు మొదలుపెట్టినా, రెండో పుట్టినరోజు దాకా సాధారణంగా కొవ్వు తీయని పాలే పట్టమంటారు. ఫార్ములా అయిపోతుందేమో అన్న భయం ఉంటే ఇంట్లో ఒక డబ్బా ఎప్పుడూ అదనంగా పెట్టుకోండి.

మీకు ఎవరైనా అమెరికన్ పెద్దావిడ "మేమంతా ఆ పాలు తాగి పెరిగినవాళ్లమే" అని చెబితే ఆశ్చర్యపోకండి, ఆవిడ చెప్పేది నిజమే. 1930ల నుంచి 1950ల దాకా అక్కడ సీసా పాలు తాగే పిల్లల్లో చాలామందికి ఎవాపరేటెడ్ పాలు, నీళ్లు, కార్న్ సిరప్ కలిపి పట్టేవారు. డాక్టర్లే కొలతలు రాసిచ్చేవారు. మొదట్లో చాలా ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు, విడి పాల శుభ్రత మీద నమ్మకం లేదు, సీలు వేసిన డబ్బాలో క్రిములు లేని పాలు దొరకడమే గొప్ప. తర్వాత ఇనుము కలిపిన ఫార్ములాలు వచ్చాయి, ఆ పద్ధతి పోయింది. ఆ రోజుల్లో అది ఉన్నంతలో మేలైన దారి. మీ బాబుకి అంతకంటే మంచి దారి ఉంది.

ఇక అత్తయ్యగారి మాట. పిండి కలిపిన నీళ్లు కాదండి, పాలే. కావాలంటే ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చేస్తారో చెప్పండి. ముందు పాలలోంచి కావలసినంత మీగడ తీసేస్తారు. తర్వాత వాక్యూమ్‌లో తక్కువ వేడి మీద మరిగించి, ఉన్న నీళ్లలో దాదాపు 60 శాతం ఆవిరిగా పంపేస్తారు. మిగిలిన చిక్కటి పాలలో కొవ్వు పైకి తేలకుండా సన్నగా విరగ్గొట్టి, డబ్బాలో పోసి సీలు వేసి, ఆ డబ్బాతో సహా 115 డిగ్రీల పైన పావుగంట, ఇరవై నిమిషాలు ఉడకబెడతారు. అందుకే మూత తియ్యనంత కాలం ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలవుంటాయి. చక్కెర వెయ్యరు. పంచదార లేకుండా పాలని ఇలా నిలవ చేసే పద్ధతి స్విట్జర్లాండ్ నుంచి అమెరికా వెళ్లిన జాన్ మేయన్‌బర్గ్ అనే ఆయన పట్టుదల వల్ల నిలబడింది. 1885లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైలాండ్ అనే ఊళ్లో మొదలైన కంపెనీ అందుకు నాంది. అంతకు ముప్పై ఏళ్ల ముందే గెయిల్ బోర్డెన్ పాలని వాక్యూమ్‌లో చిక్కబరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, తర్వాత ఆ పాలని పంచదార పోసి అమ్మాడు. మనకి మిల్క్‌మెయిడ్‌గా తెలిసినది ఆ రెండో రకం.

ఈ రెంటినీ కలిపి చూడడం వల్లే చాలా ఇళ్లలో గందరగోళం. కండెన్స్‌డ్ పాల డబ్బా తీసుకుంటే 100 గ్రాముల్లో సగానికి పైగా చక్కెరలే, 320 కేలరీలు. మీరు తెచ్చిన 2 శాతం ఎవాపరేటెడ్ పాలలో అదే 100 గ్రాములకి అటూ ఇటూగా 90 కేలరీలు. దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, డబ్బాలు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మామయ్యగారికి షుగర్ అన్నారు కాబట్టి తొందరలో చెయ్యి పొరపాటున రెండో దాని మీద పడకుండా చూసుకోండి.

డబ్బా పాలు కొంచెం గోధుమ రంగులో, కాచిన వాసనతో ఉండటం చూసి కూడా అత్తయ్యగారికి అనుమానం వచ్చి ఉంటుంది. ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో దాలి ఉండే ఉంటుంది. పిడకల మీద మట్టి కుండలో పొద్దున పెట్టిన పాలు మధ్యాహ్నానికి ఎర్రగా, కమ్మగా అయ్యేవి. అక్కడ జరిగిందే ఇక్కడా జరుగుతుంది. పాలలోని చక్కెర, మాంసకృత్తులు వేడికి కలిసి ఆ రంగు, ఆ రుచి వస్తాయి. రంగు కోసం ఏమీ కలపలేదు. ఈ మాట చెబితే ఆవిడ డబ్బాని కాస్త ఆదరంగా చూస్తారని నా నమ్మకం.

ఇప్పుడు మీ ఆయన మాట, "ఫ్యాట్ తక్కువ కదా" అన్నది. ఆయన అన్నదాంట్లో సగం నిజం. అమెరికా నిబంధనల ప్రకారం మామూలు ఎవాపరేటెడ్ పాలలో కనీసం 6.5 శాతం కొవ్వు ఉండాలి. అంటే నీళ్లు కలపకుండా వాడితే అది మన గేదె పాలంత కొవ్వు. మీ డబ్బాలో 2 శాతమే. ఒక డబ్బా 354 మిల్లీలీటర్లు. మామూలు డబ్బా మొత్తంలో కొవ్వు 25 గ్రాములు దాటుతుంది, మీ డబ్బాలో ఏడెనిమిది గ్రాములు. గుండెకి చెరుపు చేసే సంతృప్త కొవ్వు కూడా అదే లెక్కన తగ్గుతుంది. ఇది చిన్న లాభం కాదు. రోజూ వాడే ఇంట్లో నెల తిరిగేసరికి గిన్నెడు నెయ్యి తగ్గించినట్టే.

అయితే తగ్గింది కొవ్వు మాత్రమే. పాలలో సహజంగా ఉండే చక్కెర, లాక్టోజ్, ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. పైగా నీళ్లు తీసేశారు కాబట్టి చెంచాకి చెంచా లెక్కన మామూలు పాలకంటే రెండింతలు ఉంది. 100 గ్రాములకి 10 గ్రాముల పైనే. డబ్బా మొత్తం తీసుకుంటే 300 నుంచి 330 కేలరీలు, 40 గ్రాముల దాకా లాక్టోజ్. మీ ఆయన "పర్లేదు" అనుకుని సగం డబ్బా కాఫీలో పోసుకుంటే 20 గ్రాముల చక్కెర, 150 కేలరీలు పైగా లోపలికి వెళ్తాయి. కొవ్వు తక్కువ అన్న మాట చూసి ఎక్కువ పోసుకోవడమే ఈ రకం డబ్బాలతో వచ్చే అసలు చిక్కు.

డబ్బా వెనక రాసిన అంకెలు చూసినా ఈ సంగతి తెలియదు. అక్కడ లెక్కంతా రెండు టేబుల్ స్పూన్లకి, అంటే 30 మిల్లీలీటర్లకి. 25 కేలరీలు, అర గ్రాము కొవ్వు, 3 గ్రాముల చక్కెర అని చిన్న చిన్న అంకెలు కనిపిస్తాయి. ఇంకో మెలిక కూడా ఉంది. అక్కడి నిబంధనల్లో ఈ అంకెలని సర్ది రాయడానికి వీలుంది. 2 శాతం లెక్కన ఆ రెండు స్పూన్లలో నిజంగా ఉండేది 0.6 గ్రాముల పైచిలుకు కొవ్వు, లేబుల్ మీద 0.5 అని పడుతుంది. 12 వంతులతో హెచ్చవేసి డబ్బాకి 6 గ్రాములే అనుకుంటాం, అసలు ఏడున్నర. కొంపలు మునిగే తేడా కాదు కానీ, లేబుల్ చదివేటప్పుడు "ఎన్ని స్పూన్లకి ఈ అంకె" అన్న ప్రశ్న ముందు అడగడం అలవాటు చేసుకోండి.

అందుకే ఒక పని చెయ్యండి. రేపు టీ పెట్టేటప్పుడు డబ్బా నుంచి నేరుగా వంపకండి. టేబుల్ స్పూన్‌తో కొలిచి పొయ్యండి. కప్పుకి రెండు స్పూన్లు పోస్తే ఆ టీ చిక్కగానే ఉంటుంది. నాలుగు కప్పులకి ఎనిమిది స్పూన్లు, 120 మిల్లీలీటర్లు. దానిలో ఉండేవి సుమారు 110 కేలరీలు, రెండున్నర గ్రాముల కొవ్వు, 8 గ్రాముల మాంసకృత్తులు, 13 గ్రాముల లాక్టోజ్, 300 మిల్లీగ్రాముల పైన కాల్షియం. నీళ్లు మళ్లీ కలిపి చూసుకుంటే ఇది ఒక గ్లాసు 1 శాతం పాలతో సమానం. మన దగ్గర ప్యాకెట్లలో వచ్చే డబుల్ టోన్డ్ పాలలో కొవ్వు 1.5 శాతం, దానికంటే కూడా ఇవి తేలిక. అంటే రోజుకి ఒక గ్లాసు పలచటి పాలని నాలుగు టీలకి పంచుకున్నట్టు. షుగర్ ఉన్న 67 ఏళ్ల మనిషికి ఇది మామూలుగా భయపడాల్సిన కొలత కాదు. కొలవకుండా చేత్తో వంపితే మాత్రం కప్పుకి నాలుగు స్పూన్లు పడిపోతాయి. అప్పుడు లెక్కంతా రెండింతలు.

అన్నట్టు, మామయ్యగారి టీలో పంచదార ఎంత వేస్తున్నారో మీరు రాయలేదు. కప్పుకి రెండు చెంచాలు అయితే రోజుకి ఎనిమిది చెంచాలు, 32 గ్రాముల పైనే. నాలుగు టీలలో పాల నుంచి వచ్చే 13 గ్రాముల లాక్టోజ్ కంటే ఇది చాలా ఎక్కువ, పైగా పాల చక్కెర కంటే త్వరగా రక్తంలోకి వెళ్తుంది. 2 శాతం డబ్బానా, మామూలు డబ్బానా అని వాదించుకోవడం కన్నా ముందు ఆ చెంచాల సంగతి చూడండి. ఎవాపరేటెడ్ పాలకి కాచినప్పుడు వచ్చిన సహజమైన తియ్యదనం కొంత ఉంటుంది. చాలామంది ఈ పాలతో టీ తాగేటప్పుడు పంచదార సగానికి తగ్గించినా పెద్దగా తేడా కనిపెట్టరు. ఒకేసారి కాకుండా వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. ఏలకులు రెండు ఎక్కువ దంచి వెయ్యండి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తున్నాను. మీరు ఉత్తరంలో మధ్యలో ఎక్కడో రాసిన రెండు మాటలు నన్ను ఆపేశాయి. ఒకటి, మెట్‌ఫార్మిన్. రెండు, శుద్ధ శాకాహారి.

శాకాహారికి బి12 విటమిన్ దొరికే దారులు పాలు, పెరుగు, మజ్జిగ, పనీరు. గుడ్డు తినకపోతే ఇంతకు మించి దాదాపు ఏమీ లేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి ఆ కాస్త బి12 కూడా పేగుల నుంచి ఒంటికి సరిగ్గా చేరదు. పన్నెండేళ్లు చిన్న కాలం కాదు. ఇప్పుడు డబ్బా పాల సంగతి చూడండి. మామూలు పాలలో 100 గ్రాములకి 0.45 మైక్రోగ్రాముల బి12 ఉంటుంది. నీళ్లు తీసేసి రెండింతలు చిక్కబరిచాం కాబట్టి ఎవాపరేటెడ్ పాలలో దాదాపు 1 మైక్రోగ్రాము ఉండాలి. ఉండేది 0.16 నుంచి 0.24 మధ్య. డబ్బాతో సహా ఆ వేడిలో ఉడికించేటప్పుడు మిగతాది పోతుంది. రోజుకి పెద్దవాళ్లకి కావలసింది 2.4. మామయ్యగారు గ్యాలన్ పాలు, పెరుగు మానేసి అంతా డబ్బా పాల మీదే బతికితే, కాల్షియం లెక్క బాగుంటుంది, కొవ్వు లెక్క బాగుంటుంది, బి12 మాత్రం నిశ్శబ్దంగా పడిపోతుంది.

బి12 తగ్గితే వచ్చే లక్షణాలు పాదాల తిమ్మిర్లు, మంటలు, నీరసం, మతిమరుపు. ఇవన్నీ షుగర్ వల్ల, వయసు వల్ల వచ్చాయనుకుని వదిలేస్తారు. నేను సలహా ఇచ్చే వాళ్లలో ఇలా పాదాల మంటలతో ఏళ్లు గడిపి, చివరికి బి12 పరీక్షలో తేలినవాళ్లు ఒకరిద్దరు కాదు. కాబట్టి మామయ్యగారికి టీలో డబ్బా పాలు ఉండనివ్వండి, అన్నంలోకి పెరుగు, సాయంత్రం గ్లాసు మజ్జిగ మాత్రం మామూలు పాలతో తోడు పెట్టినవే ఇవ్వండి. బి12 రక్తపరీక్ష ఈ మధ్య చేయించకపోతే డాక్టర్‌ని అడిగి చేయించండి. తక్కువ వస్తే మాత్రలో ఇంజెక్షనో ఆయనే రాస్తారు, తేలిగ్గా సరిపోయే లోపం.

రెండోది, మీరు చివర్లో "సంబంధం ఉంటుందో లేదో" అంటూ రాసిన క్రియాటినిన్. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో తెలియడానికి రక్తంలో చూసే అంకె అది. సంబంధం ఉంది. పాలలో సహజంగా భాస్వరం, పొటాషియం ఉంటాయి. చిక్కబరిచినప్పుడు అవీ చిక్కబడతాయి. ఎవాపరేటెడ్ పాలు 100 గ్రాములకి భాస్వరం 200 మిల్లీగ్రాములకి దగ్గరగా, పొటాషియం 300 పైన. కొవ్వు తీసినంత మాత్రాన ఇవి తగ్గవు, ఒక పిసరు పెరుగుతాయి. ఇంకా ఒకటుంది. డబ్బాలో పాలు విరిగిపోకుండా చాలా కంపెనీలు ఫాస్ఫేట్ లవణం కొద్దిగా కలుపుతాయి. పాలలో సహజంగా ఉన్న భాస్వరంలో కొంత భాగమే ఒంటికి పడుతుంది. బయట నుంచి కలిపిన ఫాస్ఫేట్ చాలామటుకు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకి ఇది లెక్కలోకి రాదు. బలహీనపడుతున్న మూత్రపిండాలకి భాస్వరం బయటికి పంపడం కష్టమవుతుంది.

అంటే ఇవాళే డబ్బా పారేయమని కాదు. క్రియాటినిన్ "కొంచెం ఎక్కువ" అన్న మాటకి ఎన్నో అర్థాలు ఉంటాయి. క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే మూత్రపిండాలు రక్తాన్ని ఎంత వడగడుతున్నాయో చెప్పే అంకె, ఎంతో చూడాలి. మొదటి దశల్లో డాక్టర్లు సాధారణంగా పాలు మానమని చెప్పరు. ఈసారి రిపోర్టులు తీసుకుని వెళ్లినప్పుడు ఆ డబ్బాని సంచిలో వేసుకుని వెళ్లండి. "రోజుకి ఎనిమిది స్పూన్లు వాడుతున్నాం, పర్లేదా" అని కొలతతో సహా అడగండి. రక్తంలో పొటాషియం, భాస్వరం ఎంత ఉన్నాయో చూడమనండి. ఇండియాలో చూసే డాక్టర్‌కి వీడియోలో చూపించి అడిగినా సరే. డబ్బా కొనేటప్పుడు పదార్థాల వరుసలో ఫాస్ఫేట్ అన్న మాట ఉందో లేదో చూడండి, లేనివి దొరికితే అవే తీసుకోండి. ఈ జవాబు వచ్చేదాకా పాయసాలు, కోవాలలో మామయ్యగారి వంతు తగ్గించండి.

అత్తయ్యగారి విషయానికి వస్తే ఈ డబ్బా నిజంగా ఆవిడకే ఎక్కువ ఉపయోగం. కొవ్వు తీసేస్తే కాల్షియం పోతుందని చాలామంది అనుకుంటారు. కాల్షియం కొవ్వులో ఉండదు, మిగిలే పలచటి పాలలోనే ఉంటుంది. అందుకే మీగడ తీసినా పోదు, వేడికీ పోదు. 100 గ్రాములకి 260 నుంచి 290 మిల్లీగ్రాములు, గ్లాసుడు పాలలో ఉండేది సగం గ్లాసులో వచ్చేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల్లో పెద్దవాళ్లకి రోజుకి 1000, ముట్లుడిగిన ఆడవాళ్లకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని చెప్పింది. తిండి తక్కువగా తినే పెద్దవాళ్లకి అంత కాల్షియం పట్టించడం కష్టం. గ్లాసులు గ్లాసులు పాలు తాగలేని మనిషికి ఈ చిక్కదనమే మేలు. అత్తయ్యగారికి పొద్దున రాగి జావ కాచండి. రాగిలో 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంది. జావ దించాక అర కప్పు (120 మిల్లీలీటర్లు) డబ్బా పాలు కలపండి. ఒక్క గిన్నె జావలో ఆవిడకి కావలసిన దాంట్లో మూడో వంతు పైనే వచ్చేస్తుంది. డబ్బా పాలంటే మొహం తిప్పుకునే మనిషి కూడా జావలో కలిపితే తాగుతారు.

అమెరికాలో అమ్మే ఎవాపరేటెడ్ పాలలో డి విటమిన్ కలపడం తప్పనిసరి, ఔన్సుకి (సుమారు 30 మిల్లీలీటర్లకి) 25 యూనిట్ల లెక్కన. కొవ్వు తీసినప్పుడు పోయే ఎ విటమిన్ కూడా తిరిగి కలుపుతారు. అర కప్పులో 100 యూనిట్ల డి వస్తుంది. కావలసింది 70 ఏళ్ల లోపు వాళ్లకి 600, దాటితే 800. కాబట్టి డి విటమిన్ సంగతి ఈ పాలకి వదిలేసి ఊరుకోకండి, ఎముకలకి డాక్టర్ రాసిన మాత్రలు ఆపకండి. ఆరు నెలలు ఇంట్లోనే కూర్చోబెట్టకుండా పొద్దుటి ఎండలో నడిపించండి కూడా.

ఒకవేళ వాళ్లిద్దరిలో ఎవరికైనా ఈ పాలు మొదలుపెట్టినప్పటి నుంచి కడుపుబ్బరం, గ్యాస్, విరేచనాలు ఉంటే, లాక్టోజ్ సరిగ్గా అరగడం లేదని అర్థం కావచ్చు. మనవాళ్లలో పెద్దయ్యాక ఇది చాలా మామూలు. ఇంటి దగ్గర టీలో పలచటి పాలు సరిపోయి, ఇక్కడ చిక్కటివి పడకపోవడానికి కారణం ఆ రెండింతల లాక్టోజే. కొలత సగానికి తగ్గిస్తే సర్దుకోవచ్చు.

గల్ఫ్‌లో ఉండే మనవాళ్ల ఇళ్లలో కూడా ఈ డబ్బాలు బాగా కనిపిస్తాయి. అక్కడ కరక్ అనే చిక్కటి పాల టీకి ఆ రుచి వచ్చేదే వీటి వల్ల. మీకూ అరబ్ దుకాణాల్లోనో ఇండియన్ దుకాణాల్లోనో ఆ రకం డబ్బాలు దొరకొచ్చు. వాటిలో కొన్ని అసలు పాల కొవ్వు తీసేసి పామాయిల్ కలిపినవి. చూడడానికి ఎవాపరేటెడ్ పాలలాగే ఉంటాయి, చిక్కగా ఉంటాయి, చౌక కూడా. కొవ్వు తగ్గించడం వేరు, ఒక కొవ్వు తీసి ఇంకో కొవ్వు పొయ్యడం వేరు. పదార్థాల వరుసలో వెజిటబుల్ ఫ్యాట్ అనో పామ్ ఆయిల్ అనో ఉంటే అది తీసుకోకండి.

వంటలో వాడుకోవడం గురించి మీరు అడగలేదు కానీ, డబ్బా ఇంట్లో ఉంది కాబట్టి చెబుతాను. పనీర్ కూరలో, కుర్మాలో హెవీ క్రీమ్ పోస్తుంటే దాని బదులు ఇది పొయ్యండి. క్రీమ్‌లో కొవ్వు 36 శాతం, ఇందులో 2. పులుపు ఉన్న కూరైతే మంట తగ్గించి చివర్లో పోస్తే విరగదు. సేమ్యా పాయసంలో సగం నీళ్లు, సగం ఈ పాలు పోస్తే ఎక్కువసేపు మరిగించకుండానే చిక్కదనం వస్తుంది. కోవాకి మాత్రం పనికిరాదు. కొవ్వు తక్కువ కాబట్టి కమ్మదనం రాదు, అడుగంటుతుంది కూడా. పండక్కి కోవా చెయ్యాలనుకుంటే మామూలు పాలతోనే చేసి, తలా ఒక చిన్న బిళ్ల తినండి.

తెరిచిన డబ్బాని డబ్బాతోనే ఫ్రిజ్‌లో పెట్టకండి. గాజు సీసాలో పోసి మూత పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యండి. ఉబ్బిన డబ్బా, కుట్టు దగ్గర సొట్ట పడిన డబ్బా కొనకండి, ఇంట్లో ఉంటే తెరవకుండా పారెయ్యండి. మూత తియ్యని డబ్బాని వేడినీళ్లలో పెట్టి కాచే పద్ధతి ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది, అది ప్రమాదం, చెయ్యొద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లి వచ్చాక భాస్వరం, పొటాషియం, బి12 అంకెలు నాకు రాయండి. ఆ అంకెలు చూసి మామయ్యగారి నాలుగు టీలలో ఎన్ని నిలబెట్టొచ్చో చెబుతాను.